ఖజానా పద్దు, చావు పద్దు

(శ్రీకాకుళంలో ఒక ఆదివారం సాయంత్రం గ్రంథాలయం హాల్లో, ఖజానా శాఖలో పనిచేసి రిటైరైన ఒకాయన చేసిన ప్రసంగం. రికార్డు విని రాశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పెన్షనర్లకు నా మొహం బాగా గుర్తుండాలి. వీళ్లలో సగం మంది బిల్లులకు కొర్రీ వేసింది నేనే. (నవ్వులు) మాస్టారూ, మీ మెడికల్ బిల్లు సంగతి తర్వాత చూద్దాం, ఇప్పుడు ఎత్తకండి.

నేను డాక్టర్ని కాను, ఆర్థికశాస్త్రం చదివినవాడినీ కాను. ట్రెజరీలో జూనియర్ అసిస్టెంటుగా చేరి సబ్ ట్రెజరీ ఆఫీసరుగా దిగిపోయాను. ఈ సభకు "రాష్ట్ర పన్నులు, ప్రజారోగ్యం" అని పేరు పెట్టారు. అంత పెద్ద పేరు నేను మోయలేను. సర్కారు డబ్బు ఎలా లెక్కపెడుతుందో చూశాను, మనుషుల చావుల్ని ఎలా లెక్కపెడుతుందో కూడా కాస్త చూశాను. ఆ తేడా ఒక్కటే చెబుతాను.

మా ఆఫీసులో రోజు ఎలా గడిచేదంటే, పొద్దున్న నుంచి చలానాలు వస్తాయి. ఒక్కోదానికి ఒక్కో పద్దు. ఆబ్కారీ, అంటే మద్యం మీద వచ్చేది, అయితే 0039. రిజిస్ట్రేషన్లు, స్టాంపులు 0030. బండ్ల పన్ను 0041. ఇప్పుడు జీఎస్టీలో రాష్ట్రం వాటా 0006. సాయంత్రం బ్యాంకు నుంచి స్క్రోలు, అంటే ఆ రోజు జమల జాబితా, వస్తుంది, దాన్ని మన పుస్తకంతో సరిచూడాలి. ఒక్క రూపాయి తేడా వచ్చినా ఆ రాత్రి ఇంటికి వెళ్లేది లేదు. నా పెళ్లయిన కొత్తలో పదకొండు రూపాయల తేడా కోసం రాత్రి పదింటిదాకా కూర్చున్నాను. మా ఆవిడ ఇప్పటికీ ఆ పదకొండు రూపాయలు గుర్తుచేస్తుంది.

ఇప్పుడంతా కంప్యూటరైంది, ఆ టెన్షన్ లేదు. అయినా పద్ధతి అదే. ఏ రూపాయి ఏ పేరు మీద వచ్చిందో రాత్రిలోగా తేలాలి.

2017 జులై 1న జీఎస్టీ వచ్చాక రాష్ట్రానికి తన ఇష్టప్రకారం రేటు పెట్టుకునే పన్నులు చాలా తగ్గిపోయాయి. మిగిలినవాటిలో పెద్దవి పెట్రోలు, డీజిలు, తాగే మద్యం, భూముల రిజిస్ట్రేషన్లు, బండ్లు. ఇవే. జీఎస్టీ రేటు మార్చాలంటే ఢిల్లీలో కౌన్సిల్ కూర్చోవాలి. మద్యం రేటు మార్చాలంటే అమరావతిలో ఒక జీవో చాలు. ఏ పార్టీ వచ్చినా 0039 పద్దు మీద కన్ను ఎందుకు ఉంటుందో అర్థమైంది కదా. అది వాళ్ల స్వభావం గురించిన మాట అనుకోకండి, వాళ్ల చేతిలో మిగిలిన తాళాలు అవే.

మన రాజ్యాంగంలో 47వ అధికరణం ఉంది. ప్రజల పోషకాహారం, ప్రజారోగ్యం మెరుగుపరచడం రాజ్యం విధి అంటుంది. ఆ వాక్యం చివర్లోనే, మత్తు పానీయాల నిషేధానికి ప్రయత్నించాలనీ అంటుంది. రెండూ ఒకే చోట రాసినవాళ్లకు ఆ రెండింటి సంబంధం తెలుసు. మా ట్రెజరీ పుస్తకాల్లో మాత్రం మద్యం 0039 వసూళ్ల వైపు, ఆరోగ్యం 2210 ఖర్చుల వైపు. 2210 అంటే వైద్యం, ప్రజారోగ్యం. ఈ రెండు పేజీలూ ఒకదాన్నొకటి చూసుకోవు. వచ్చిందంతా సంచిత నిధిలో, అంటే సర్కారు ఉమ్మడి ఖాతాలో పడుతుంది, అక్కడ పడ్డాక రూపాయికి రంగూ రుచీ ఉండవు. "సారా డబ్బుతోనే కదండీ ఆసుపత్రులు నడుస్తున్నాయి" అని వాదించేవాళ్లకూ, "సారా డబ్బుతో జీతాలు తీసుకుంటున్నారు" అని మమ్మల్ని తిట్టేవాళ్లకూ ఇద్దరికీ ఇదే నా జవాబు.

మన రాష్ట్రం ఈ పద్దుతో ఆడిన ఆట ఇంకెవరూ ఆడి ఉండరు. 1980ల్లో వారుణి వాహిని పేరుతో సర్కారే సారాను పేకట్లలో పంపింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు చీపుళ్లు పట్టుకుని తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం. 1997లో ఖజానా తట్టుకోలేకపోతోందని ఎత్తేశారు. 2019 అక్టోబరు నుంచి షాపులు ప్రభుత్వమే నడిపింది. 2024 అక్టోబరు 16 నుంచి మళ్లీ ప్రైవేటు.

ఆ చివరిసారి జరిగినది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే లెక్క ఎంత శుభ్రంగా ఉంటుందో అందులో కనిపిస్తుంది. రాష్ట్రంలో 3,396 షాపులు. దరఖాస్తుకు 2 లక్షలు, షాపు తగలకపోయినా తిరిగి ఇవ్వరు. వచ్చిన దరఖాస్తులు 89,882. వచ్చిన డబ్బు 1,797 కోట్ల 64 లక్షలు. ఇంకా ఒక్క సీసా అమ్మలేదు, లాటరీ కూడా తియ్యలేదు. గడువు ముగిసీ ముగియకుండానే ఆఖరి అంకెదాకా పేపర్లో వచ్చేసింది. మా శాఖవాళ్ల చేతి పని కాబట్టి నాకు లోపల కొంచెం గర్వంగానే ఉంటుంది, దాచుకోను.

ఇప్పుడు రెండో పద్దుకి వస్తాను.

మనిషి చనిపోతే 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ఇది. అంతకు ముందు మద్రాసు రాజ్యంలో 1899 నాటి చట్టం కింద మునసబు రాసేవాడు. ఇప్పుడు మన పల్లెల్లో పంచాయతీ కార్యదర్శి రాస్తాడు. కాగితం మీద లోటేమీ లేదు. మరి అన్ని చావులూ ఆ పుస్తకంలోకి ఎక్కుతాయా?

నా అనుభవం చెబుతాను. పెన్షనరు చనిపోతే మాకు వారంలో తెలిసిపోయేది. ఎందుకంటే అటు ఫ్యామిలీ పెన్షన్ మొదలవ్వాలి, ఇటు సర్వీసు పెన్షన్ ఆగాలి. సర్టిఫికెట్టు పట్టుకుని కొడుకు పరిగెత్తుకుంటూ వచ్చేవాడు. ఎల్ఐసీ పాలసీ ఉన్నవాడి చావు నమోదవుతుంది. భూమి ఉన్నవాడి చావు నమోదవుతుంది, పాస్‌బుక్కు పేరు మారాలి కదా. ఇంటి పెద్ద మగవాడి చావు నమోదవుతుంది, బీమా రావాలి కదా. చూశారా, చావు ఎక్కడెక్కడ డబ్బును తాకుతుందో అక్కడల్లా లెక్క ఉంది. పేరు మీద సెంటు భూమి లేని ముసలమ్మ, పుట్టిన మూడో రోజున పోయిన పసిగుడ్డు, వీళ్ల కాగితం కోసం ఎవరు తిరుగుతారు? మన దేశంలో నమోదు ఎక్కువగా తప్పిపోయేది ఆడవాళ్ల చావులూ పసిపిల్లల చావులే. ట్రెజరీలో పనిచేసినవాడికి ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు. వాళ్ల మీద చలానా లేదు.

వలస మాట ఒకటుంది, మన జిల్లాకు ముఖ్యం. చావు ఎక్కడ జరిగితే అక్కడే నమోదు, ఇది చట్టం. మన మత్స్యకారులు గుజరాత్‌లో వేరావల్ దాకా వెళ్తారు, కూలీలు చెన్నై, హైదరాబాదు వెళ్తారు. అక్కడ పోతే అక్కడి పుస్తకంలో పడతారు. మన జిల్లా ఉద్దానం నుంచి విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్లిన రోగి అక్కడ కన్నుమూస్తే, నమోదు విశాఖలో. ఫారంలో నివాసం గడి ఉంది. అది సరిగ్గా నింపితేనే ఆ చావు మన జిల్లా లెక్కకు తిరిగి వస్తుంది. ఏడుపుల మధ్య, అంబులెన్సు బేరం మధ్య ఆ గడి ఎంత సరిగ్గా నింపుతారో మీరే ఊహించుకోండి.

సరే, నమోదైంది అనుకుందాం. ఎందుకు పోయాడు? ఇది అసలు ప్రశ్న. 2020లో దేశం మొత్తం మీద నమోదైన చావులు 81 లక్షల పైచిలుకు. వాటిలో కారణాన్ని డాక్టరు ధ్రువీకరించినవి 18 లక్షలు, అంటే నూటికి 22. మిగిలిన 78 మంది ఎందుకు పోయారో ఇంటివాళ్లు చెప్పిన మాటే, గుమస్తాకు తోచిన మాటే. నూటికి 78 చలానాల మీద పద్దు రాయకుండా వస్తే మా డైరెక్టరు మమ్మల్ని బతకనిచ్చేవాడా?

ఆ ధ్రువీకరించిన వాటిలో కూడా "గుండె ఆగి" అని రాసినవి ఎన్నో. గుండె ఆగకుండా చనిపోయినవాడు ఎవడండీ? (నవ్వులు) డాక్టర్లు నింపే ఫారం నాలుగులో మూడు మెట్లున్నాయి. చివరికి ఏమైంది, దానికి ముందు ఏమైంది, అన్నిటికీ అడుగున మూలం ఏమిటి. లెక్కకు పనికొచ్చేది ఆ అడుగు మెట్టు. కిడ్నీ చెడి, ఒంట్లో ఉప్పులు పెరిగి, గుండె ఆగిన మనిషికి మూలం కిడ్నీ. పైమెట్టు రాసి సంతకం పెడితే అతను గుండెజబ్బువాడైపోతాడు.

ఉద్దానం పేరు ఎత్తాను కాబట్టి అక్కడే కాసేపు ఆగుతాను. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. కొబ్బరి, జీడి, పనస. తిత్లీ తుపాను 2018 అక్టోబరులో ఆ చెట్లు కూల్చింది, అంతకు ఎంతో ముందు నుంచే కిడ్నీ జబ్బు మనుషుల్ని కూలుస్తోంది. షుగరూ బీపీ లేనివాళ్లకు కూడా వస్తోంది, కారణం ఇదీ అని ఇంతవరకూ గట్టిగా తేలలేదు. అక్కడ డబ్బు ఖర్చు పెట్టలేదని నేను అనను. డయాలసిస్ కేంద్రాలు పెట్టారు, రోగులకు పెన్షన్ ఇస్తున్నారు, హిరమండలం నుంచి మంచినీళ్ల పథకం వచ్చింది, పలాసలో 200 పడకల ఆసుపత్రీ పరిశోధన కేంద్రమూ 2023 డిసెంబరులో మొదలయ్యాయి. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మనదీ ఒకటి.

ఇక్కడ ఒక తమాషా గమనించండి. ఉద్దానంలో ఎంతమంది డయాలసిస్ మీద ఉన్నారంటే లెక్క దొరుకుతుంది, ఒక్కో సారికీ బిల్లు ఉంటుంది కాబట్టి. ఎంతమంది పెన్షన్ తీసుకుంటున్నారంటే వేలిముద్రలతో సహా ఉంటుంది. గత 20 ఏళ్లలో ఎంతమంది కిడ్నీతో పోయారు అనండి. వేదిక మీద ఒక అంకె వినిపిస్తుంది, పేపర్లో ఇంకొకటి, ఊళ్లో వేరొకటి. బతికున్న రోగి ఖర్చు కాబట్టి కచ్చితంగా ఉన్నాడు. పోయినవాడు ఖర్చుల్లోంచి తీసేసిన పేరు.

మరి రాష్ట్రం గొప్పగా చెప్పుకునే రేట్లు ఎక్కడి నుంచి వస్తాయని అడగొచ్చు. శిశు మరణాలు 2020లో వెయ్యికి 24, దేశం 28, కేరళ 6. ప్రసూతి మరణాలు 2018-20లో లక్షకు 45, దేశం 97. ఇవి పంచాయతీ పుస్తకాల నుంచి కూడినవి కావు. నమూనా నమోదు పద్ధతి అని ఒకటుంది, ఎస్ఆర్ఎస్ అంటారు. కొన్ని ఊళ్లూ వార్డులూ ఎంచుకుని అక్కడ మాత్రం గట్టిగా లెక్కపెడతారు. మంచి పద్ధతి, నాకు గౌరవం ఉంది. కానీ అది రాష్ట్రానికి చెబుతుంది, జిల్లాకు చెప్పదు. శ్రీకాకుళానికి ఎంత, విజయనగరానికి ఎంత, పార్వతీపురం మన్యానికి ఎంత అని దాన్ని అడిగితే నోరు విప్పదు. జిల్లా సంగతి తెలియాలంటే దిక్కు మళ్లీ ఆ పంచాయతీ పుస్తకమే. విజయవాడ పసిపాపా సీతంపేట కొండమీది పసిపాపా కలిసి 24 అయ్యారు. ఎవరి వాటా ఎంతో తెలియదు.

గట్టిగా అడిగితే ఏమవుతుందో ఒక ఉదాహరణ. ఈ శతాబ్దం మొదట్లో, దేశంలో జనన మరణాల లెక్క చూసే రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం, ప్రభాత్ ఝా అనే పరిశోధకుడి బృందం కలిసి ఇంటింటికీ వెళ్లి, చనిపోయినవాళ్ల గురించి ఇంటివాళ్లతో కూర్చుని మాట్లాడించారు. జ్వరమా, ఎన్ని రోజులు, కాళ్లు వాచాయా, మాట పడిపోయిందా. ఆ సమాధానాలు ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చదివి కారణం రాస్తారు. అలా అడిగితే దేశంలో పాముకాటు చావులు ఏడాదికి సుమారు 46,000 అని తేలింది. ఆసుపత్రుల లెక్కలో ఉన్నదానికి అది ఎన్నో రెట్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటాయే 5,200 దాకా. పాము కరిచినవాణ్ణి మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్తాం, దారిలో పోతాడు, ఇక ఆసుపత్రి పుస్తకంలోకి ఎలా వస్తాడు? జీడితోటల్లో పనిచేసే మనకు ఇది చెప్పాలా.

ఇంకా మన దగ్గరిది చెబుతాను. 1966-67లో బొంబాయి టాటా పరిశోధన సంస్థ నుంచి దంతవైద్యులు వచ్చి దేశంలో ఐదు జిల్లాల్లో 50,915 మంది నోళ్లు తెరిపించి చూశారు. ఐదింటిలో ఒకటి శ్రీకాకుళం. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం కూడా మన జిల్లాలోనే ఉన్న రోజులవి. శ్రీకాకుళమే ఎందుకంటే, అడ్డపొగ కోసం. చుట్టను నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. బయటివాళ్లు నమ్మరు, ఇక్కడ మీ నాయనమ్మలు కాల్చారు. అంగిట్లో పుండ్లు, క్యాన్సర్లు వాళ్లు నమోదు చేశారు. ఊరికే చూసి వెళ్లిపోలేదు, ఇక్కడ పది వేల మందిని పదేళ్లపాటు వెంబడించి ఎవరు ఉన్నారు, ఎవరు పోయారు అని రాసుకున్నారు. 1984లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వేశారు. పొగాకు ముట్టనివాళ్ల కంటే అడ్డపొగ తాగేవాళ్లలో చావులు ఎక్కువ అని. మన ఆడవాళ్ల చావుల గురించి అంత ఓపికగా పెట్టిన లెక్క మన సర్కారు పుస్తకాల్లో నేను చూడలేదు.

సంతలో పొగాకు కాడ కొని ఇంట్లో చుట్టుకునే చుట్టకు చలానా ఎక్కడుంది? బీడీనే చూడండి, 2025 సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిల్ సిగరెట్‌ను 40 శాతంలో పెట్టి, బీడీని 28 నుంచి 18కి దించాలని నిర్ణయించింది. బీడీ కార్మికుల బతుకు అన్నారు, అదీ నిజమే. ఊపిరితిత్తికి మాత్రం రేటు తేడా తెలియదు.

ఆలస్యం సంగతి కూడా ఒక్క మాటలో. కోవిడ్ రెండో అల 2021లో. దేశంలో ఆ ఏడాది నమోదైన చావులు 1.02 కోట్లు, 2020 కంటే 21 లక్షలు ఎక్కువ. ఆ నివేదిక బయటికి వచ్చింది 2025 మేలో. నాలుగేళ్లు. మద్యం షాపుల దరఖాస్తుల లెక్క ఎంత తొందరగా వచ్చిందో ఇందాక చెప్పాను.

"లెక్క తెలిసి ఏం చేస్తారండీ, డబ్బు ఉండాలి కదా" అని వెనక నుంచి ఎవరో అంటున్నారు. ఉండాలి. 2017 జాతీయ ఆరోగ్య విధానం రాష్ట్రాలు బడ్జెట్‌లో 8 శాతానికి పైగా ఆరోగ్యానికి పెట్టాలంది, అదీ 2020 నాటికి. మన రాష్ట్రం 2025-26 బడ్జెట్ 3,22,359 కోట్లు, అందులో వైద్య ఆరోగ్యానికి 19,264 కోట్లు. నూటికి ఆరు. 8 శాతానికి రావాలంటే ఇంకో ఆరున్నర వేల కోట్లు కావాలి. ఆర్థిక శాఖలో ఆ మాట అడగడానికి వెళ్లేవాడి చేతిలో ఏముంటుంది? రోడ్ల వాళ్ల దగ్గర కిలోమీటర్లుంటాయి, నీటిపారుదల వాళ్ల దగ్గర ఎకరాలుంటాయి. ఏ మండలంలో ఏ జబ్బుతో ఎంతమంది పోయారో కాగితం లేనివాడు ఖాళీ చేతులతో కూర్చుంటాడు. అలాంటి ఫైళ్లకు కొర్రీ వేయడం ఎంత తేలికో నాకు తెలుసు.

ఎక్కడా జరగడం లేదని కాదు. ఆ చివర ఆశ కార్యకర్తలు కూర్చున్నారు, అడగండి. బాలింత చనిపోతే ఊరికే వదలరు, ఎప్పుడు నొప్పులొచ్చాయి, బండి ఎప్పుడొచ్చింది, ఏ ఆసుపత్రి ఎక్కడికి పంపింది అని కలెక్టరు దాకా విచారణ జరుగుతుంది. మిగతా చావులు అంత పుణ్యం చేసుకోలేదు.

ఆఖరిగా మా మావయ్య విషయం. ఉద్దానంలో ఒక ఊరు, పేరు వద్దు. 2017లో డయాలసిస్‌కు ఎక్కాడు, మూడేళ్లు లాగి ఇంట్లోనే పోయాడు. నమోదుకు నేనే వెళ్లాను. మరణం ఫారంలో చివర్న కొన్ని గడులుంటాయి, చాలామందికి తెలియదు. పొగ తాగేవారా, అయితే ఎన్నేళ్లు? పొగాకు నమిలేవారా, ఎన్నేళ్లు? మద్యం తాగేవారా, ఎన్నేళ్లు? సర్కారు అడగాల్సిన ప్రశ్నే, ఎంత బాగా అడిగిందో చూడండి. అక్కడున్న అబ్బాయి నన్ను ఏమీ అడగలేదు. కారణం దగ్గర "వృద్ధాప్యం" అని రాశాడు. మావయ్యకు అరవై రెండు. కింది గడుల్లో వరసగా గీతలు కొట్టాడు. నేను కూడా ఊరుకున్నాను. పదకొండు రూపాయల కోసం రాత్రి కూర్చున్నవాణ్ణి, అక్కడ సంతకం పెట్టి వచ్చేశాను. సర్టిఫికెట్టు మీద కారణం ఎలాగూ ఉండదు కదా, ఎవరు చూస్తారులే అనుకున్నాను.

పెద్దకర్మ అయ్యాక మా అత్త పక్కన కూర్చుని అడిగాను, మావయ్య ఎన్నేళ్లు తాగాడు అత్తా అని. ఆవిడకు చదువు రాదు, నెలలూ సంవత్సరాలూ చెప్పలేదు. ఏమందో వినండి. "సర్కారు పేకట్లు వొచ్చిన కాడి నుంచి మొదలెట్టాడు బాబూ, మీ పెద్దోడు పుట్టిన యేడు." అది 1984. "సారా ఆపీసినపుడు సీసాలకెక్కాడు. రామారావు మొత్తం కట్టీసినాక మానీసినాడు. ఆ రెండేళ్లూ ఇంట్లో బియ్యం ఉండీవి. మళ్లీ కొట్లు తెరిసినాక షురూ. సూదులు గుచ్చడం మొదలెట్టినాక ఇంక లేదు."

నేను వేళ్ల మీద కూడాను. 1984 నుంచి 2017, మధ్యలో రెండు తీసెయ్యాలి. 31. ప్రభుత్వం జీవో ఇచ్చిన ప్రతిసారీ ఏమైందో తేదీ తప్పకుండా ఆవిడ దగ్గర ఉంది. "మరి చుట్ట?" అన్నాను. "మీ మావ ముట్టలేదు. అది నాది కదేటి" అని, నోట్లో నిప్పు బయటికి తీసి చూపించింది.

ఆవిడ ఇప్పటికీ ఉంది, డెబ్బై దాటింది. ప్రశ్నలుంటే అడగండి. మాస్టారూ, బిల్లు గురించి కాకపోతే ముందు మీరే అడగొచ్చు.